గొంతు లోపలికి స్కేలు

పిల్లలూ,

"మా అన్నయ్య గొంతు మారిపోయింది. లోపల స్వరపేటిక పెరిగిందట. కోయకుండా దాన్నెలా కొలుస్తారు?" అని మీలో ఒకరు అడిగారు.

1854లో మాన్యుయెల్ గార్సియా అనే పాటల మాస్టారు చిన్న అద్దాన్ని నోట్లో వెనక్కి పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండను లోపలికి పంపి, గొంతులో ఊగి శబ్దం పుట్టించే తన స్వరతంత్రుల్ని తనే చూసుకున్నాడు. చూశాడు సరే, కొలతో? అద్దం దగ్గరైతే పెద్దగా, దూరమైతే చిన్నగా కనిపిస్తాయి కదా!

ఇప్పుడు స్కానింగ్ ఉంది. దాన్నొక గళ్ల నోటుపుస్తకం అనుకోండి. సీటీ, ఎమ్మారై మెషీన్లు మెడను సన్నటి పొరలుగా చూసి, ఒక్కో పొర బొమ్మను ఒక్కో పేజీలో వేస్తాయి. సీటీలో పేజీ మందం మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో; ఎమ్మారైలో తరచూ ఇంకాస్త ఎక్కువ. స్వరపేటిక ఏ పేజీలో మొదలై ఏ పేజీలో ముగిసిందో లెక్కేస్తే ఎత్తు తెలుస్తుంది, గళ్లు లెక్కేస్తే వెడల్పు. పేజీ అట్టలా మందంగా ఉంటే చిన్నవి అందులో దాక్కుంటాయి. స్వరతంత్రులు పేజీకి ఏటవాలుగా ఉంటే, కంప్యూటర్ పుస్తకం మొత్తాన్నీ ఏటవాలుగా కోసి కొత్త పేజీలు తీస్తుంది. మీ పుస్తకంతో ఆ పని చేయకండి, అమ్మ ఊరుకోదు! మధ్యలో గుటక వేశారా, పేజీలన్నీ చెదిరినట్టే.

మీ వయసులో స్వరపేటిక మెత్తటి మృదులాస్థి. సీటీలో అది చుట్టూ ఉన్న కండలో కలిసిపోతుంది. పైగా సీటీ పనిచేసేది ఎక్స్‌రేలతో, అవి సరదాకి వాడేవి కావు. ఎమ్మారైలో ఆ బెడద లేదు గానీ కదలకుండా పడుకోవాలి. మీ వల్ల అవుతుందా? పెద్దవాళ్లలో ఆ మృదులాస్థికి కాల్షియం అక్కడక్కడా పడుతుంది, అంచు ఎక్కడో తేల్చడం కష్టం. అందుకే ఒకే బొమ్మను ఇద్దరు విడివిడిగా కొలిచి పోల్చుకుంటారు. ఈ పద్ధతి నాకు భలే ఇష్టం.

స్వరపేటిక ముందువైపు రెండు పలకలు కలిసే కోణం ఆడవాళ్లలో సుమారు 120 డిగ్రీలు, మగవాళ్లలో 90. ఇరుకు కోణం ముందుకు పొడుచుకొస్తుంది. అన్నయ్య మెడ మీది ముడి అదే. లోపలి తంత్రులు పొడవై, మందమై నెమ్మదిగా ఊగుతాయి, అందుకే గొంతు బొంగురుగా వినిపిస్తుంది.

నా గొంతు మారేటప్పుడు క్లాసులో పాఠం చదువుతుంటే ఒకే వాక్యంలో రెండు గొంతులు వచ్చాయి. అందరూ గొల్లుమన్నారు. కొన్నాళ్లు ఎవరేమడిగినా తల ఊపి సరిపెట్టాను. అన్నయ్యను వెక్కిరించకండి.

ఇప్పుడు మెడ మీద వేళ్లు ఆనించి గుటక వేయండి. ఏం కదిలింది? తర్వాత "మ్మ్‌మ్" అనండి, ఆపైన గుసగుసగా మాట్లాడండి. ఆ వణుకు గుసగుసలోనూ ఉందో లేదో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య