దోమ కాదు, ఇసుక ఈగ: చాందీపురా వెనక కథ

2024 జూలైలో గుజరాత్‌లో పిల్లలు చనిపోతుంటే టీవీల్లో మెదడువాపు తెచ్చే చాందీపురా వైరస్ పేరు మారుమోగింది. చాలామంది కొత్త జబ్బు అనుకున్నారు. కానీ 2003లోనే అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఎక్కువగా తెలంగాణ జిల్లాల్లో, ఇళ్లకు ఇళ్లనే ఏడిపించి పోయింది.

మెదడువాపు అనగానే మనకు గుర్తొచ్చేవి పందులు, దోమలు. అది జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మరో రకం మెదడువాపు నేర్పిన పాఠం. మన దేశంలో 1955లో వెల్లూరు ప్రాంతంలో బయటపడిన ఆ వైరస్ కొంగల్లో, పందుల్లో పెరుగుతుంది. వరిమడి నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని మనిషికి అంటిస్తుంది. మన దగ్గరా అది పలుమార్లు వచ్చింది కాబట్టి, 2003 జూన్‌లో పిల్లలకు జ్వరాలు, ఫిట్స్ మొదలవగానే అనుమానం అటు పోవడం సహజమే.

ఈ జబ్బు తీరు వేరు. సాయంత్రం దాకా వాకిట్లో ఆడుకున్న పిల్లకు రాత్రికి ఒళ్లు కాలిపోతుంది. వాంతులు, వెంటనే ఫిట్స్. తెల్లారేసరికి స్పృహ ఉండదు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మూడు నెలల్లో జబ్బుపడినవాళ్లు 329 మంది, పోయినవాళ్లు 183 మంది. అందరూ పిల్లలే. ఇన్నేళ్ల తర్వాత చదివినా ఆ అంకె దగ్గర గుండె ఆగినట్టవుతుంది.

పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నమూనాలు పరీక్షిస్తే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఆనవాలు దొరకలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద కనిపించింది తుపాకీ గుండు ఆకారంలో ఉన్న, రేబిస్ కుటుంబపు వైరస్. అదే సంస్థ 1965లో నాగపూర్ ప్రాంతంలోని చాందీపురాలో, జ్వరంతో ఉన్న ఇద్దరి రక్తంలో దాన్ని కనిపెట్టి ఆ ఊరి పేరే పెట్టింది. పెద్ద ప్రమాదకారి కాదనుకుని దాదాపు నలభై ఏళ్లు వదిలేశారు. 2003 తర్వాత కూడా, ఇది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాల సమస్య అని కొందరు డాక్టర్లు వాదించారు.

దీన్ని మోసేది శాండ్‌ఫ్లై, ఇసుక ఈగ. దోమలో మూడో వంతు ఉంటుంది. మట్టిగోడ పగుళ్లలో, పశువుల కొట్టంలో రెక్కలు రెండూ పైకెత్తి కూర్చుంటుంది. ఎగరడం తక్కువ, గెంతడం ఎక్కువ. మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా దూరుతుంది. కాబట్టి పందుల్ని ఊరు దాటిస్తే ఇది పోదు. గోడ పగుళ్లు పూడ్చాలి, ఇంటి గోడలకూ కొట్టం గోడలకూ పురుగుమందు కొట్టాలి.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు టీకా ఉంది. 2013లో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ మన దేశంలోనే, కర్ణాటకలోని కోలార్‌లో దొరికిన రకం వైరస్‌తో జెన్‌వాక్ అనే టీకా తెచ్చింది. చాందీపురాకు ఈనాటికీ టీకా లేదు, మందూ లేదు. ఫిట్స్ ఆపడం, మెదడులో వాపు తగ్గించడం, ఊపిరి నిలబెట్టడం, అంతే. 2024లో జూన్ మొదలు ఆగస్టు 15 దాకా దేశంలో తీవ్ర మెదడువాపు కేసులు 245 నమోదైతే 82 మంది చనిపోయారు. చాందీపురా అని పరీక్షలో తేలింది ఆ 245 మందిలో 64 మందికే.