బాంబర్‌లోని ఏడుగురు

చిన్నూ, అమ్మూ,

"బాంబర్ విమానాల్లో వెళ్ళేవాళ్ళకి భయం వేసేది కాదా తాతయ్యా?" అని మొన్న అడిగారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నా.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంలో బాంబులు వేసే విభాగమైన బాంబర్ కమాండ్ తరఫున విమానమెక్కినవాళ్ళు సుమారు 1,25,000 మంది. అందరూ తమంతట తాముగా చేరినవాళ్ళే. ఎక్కువమంది ఇరవై దాటీ దాటని కుర్రాళ్ళు. చాలామందికి కెనడాలో శిక్షణ ఇచ్చారు.

ఆ తర్వాత జరిగేది వింటే ఆశ్చర్యపోతారు. పైలట్లు, దారి చూపే నావిగేటర్లు, తుపాకులు పేల్చే గన్నర్లు అందరినీ ఒక హ్యాంగర్‌లోకి, అంటే విమానాలుంచే పెద్ద షెడ్డులోకి పంపి, జట్లు మీరే కట్టుకోండి అనేవారు. నాలుగు మాటలు మాట్లాడి, మనిషి నచ్చితే "మాతో వస్తావా?" అని అడగడమే. ఇంజన్లు చూసుకునే ఫ్లైట్ ఇంజనీర్ మాత్రం తర్వాత కలిసేవాడు. అలా లాంకాస్టర్ అనే బాంబర్ విమానానికి ఏడుగురు. భయాన్ని తట్టుకున్నది ఆ ఏడుగురి స్నేహం వల్లేనని నా నమ్మకం.

భయం లేకపోవడమేమిటి! తోక చివర గన్నర్ ఒక్కడే, గడ్డకట్టే చలిలో గంటల తరబడి కూర్చునేవాడు. చీకట్లో శత్రువు స్పష్టంగా కనబడాలని కొందరు ఎదురుగా ఉన్న అద్దం పలక కూడా తీసేయించుకునేవారు. శత్రువుల ఫైటర్ విమానం కనబడగానే అతను కేక వేస్తే, పైలట్ విమానాన్ని మెలికలు తిప్పుతూ కిందికి దూకించేవాడు. బాంబులు వేశాక కూడా వెంటనే మళ్ళడానికి లేదు. ఎక్కడ పడ్డాయో ఫొటో తీసేదాకా, కింద నుంచి ఫిరంగులు పేలుతున్నా, అదే దారిలో తిన్నగా పోవాలి. ఆ కాసేపు ఎంత టెన్షనో ఊహించుకోండి.

సాధారణంగా ఇలాంటి 30 దాడులు పూర్తిచేస్తే విశ్రాంతి. చాలామంది అంతదాకా రాలేదు. 1944 మార్చి 30 రాత్రి జర్మనీలోని నురెంబర్గ్ నగరం మీదికి 795 విమానాలు వెళితే 95 తిరిగి రాలేదు. యుద్ధం మొత్తంలో బాంబర్ కమాండ్ వాళ్ళు 55 వేల మందికి పైగా పోయారు, వాళ్ళలో 8 వేల మందికి పైగా శిక్షణలో, ప్రమాదాల్లో పోయినవాళ్ళే.

మన హైదరాబాద్ పేరు కూడా ఇందులో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం విమానాలకు డబ్బిచ్చినందుకు బ్రిటన్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కి (విమానాల దళానికి) ఆ పేరు పెట్టారు. 1939 సెప్టెంబర్ 4న జర్మన్ యుద్ధనౌకల మీద జరిగిన తొలి దాడిలో ఆ స్క్వాడ్రన్ ఉంది.

కింద ఉన్నవాళ్ళ సంగతీ మీకు తెలియాలి. 1943 జూలై చివర్లో ఈ బాంబర్ల దాడుల్లో జర్మనీలోని హాంబర్గ్ నగరం తగలబడి 30 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో మీ వయసు పిల్లలూ ఉన్నారు. ఆ కుర్రాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకున్న ప్రతిసారీ నాకు ఈ పిల్లలు కూడా గుర్తొస్తారు. దీని గురించి మీరేమనుకుంటున్నారో రాయండి, ఇద్దరూ విడివిడిగా.

మీ తాతయ్య