సరుకుల కొట్టులో వరుస ఎందుకు కదలదు: అపోహలు - వాస్తవాలు

పాలకొల్లు దగ్గర మా ఊరి సెంటరులో మాది పచారీ కొట్టు. తాతగారి గల్లాపెట్టె ఉన్న చోటే ఇప్పుడు రెండు బిల్లింగ్ కౌంటర్లు ఉన్నాయి. 22 ఏళ్లుగా కౌంటరు వెనక కూర్చుని, ఎదురుగా నిలబడ్డవాళ్ల ముఖాలు చూస్తున్నాను. చంకలో పిల్లవాడితో నిలబడ్డ తల్లి, మోకాళ్ల నొప్పితో గోడకు ఆనుకున్న మామ్మగారు, పొలం నుంచి నేరుగా వచ్చిన కూలీ. వీళ్లు నిలబడే ప్రతి పది నిమిషాలూ నేను వాళ్లకు పడ్డ బాకీ లాగే అనిపిస్తాయి. వరుస గురించి జనంలో ఉన్న నమ్మకాలు చాలావరకు సరైనవి కావు. నాకు తెలిసినంతవరకు అసలు సంగతి చెబుతాను.

అపోహ: జనం కొద్దిగా పెరిగితే వరుస కూడా కొద్దిగానే పెరుగుతుంది.

వాస్తవం: ఒక కౌంటరులో గంటకు సగటున 60 మందికి బిల్లు వేయగలమనుకోండి. ఎవరి వీలును బట్టి వాళ్లు గంటకు 48 మంది వస్తుంటే, కౌంటరు దగ్గర సగటున 4 మంది ఉంటారు. 54 మంది వస్తే 9 మంది ఉంటారు. 57 మంది వస్తే 19 మంది. గంటకు ఆరుగురు పెరిగేసరికి వరుస రెట్టింపు దాటింది, ఇంకో ముగ్గురు చేరేసరికి మళ్లీ రెట్టింపు దాటింది. జనం నిమిషానికి ఒకరు చొప్పున కొలిచినట్టు రారు కదా. బస్సు ఆగితే ఐదుగురు ఒక్కసారిగా లోపలికి వస్తారు, తర్వాత మూడు నిమిషాలు ఎవరూ ఉండరు. ఆ మూడు నిమిషాలను దాచి ఉంచి, రద్దీ వేళకు తీసి వాడుకోలేం. కౌంటరుకు కాస్త తీరిక ఉంటేనే పోగుపడ్డ వరుస కరుగుతుంది. తీరిక లేనప్పుడు ఒక గుంపు పని తెమలకముందే ఇంకో గుంపు వచ్చి చేరుతుంది. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే గణితవేత్త టెలిఫోను ఎక్స్ఛేంజీల కోసం 1909లోనే ఇటువంటి లెక్కలు వేశాడు. ఫోను లైన్లకు పనికివచ్చిన లెక్క పప్పులు, ఉప్పుల కొట్టుకూ పనికివస్తుంది.

మీరు రావలసిన వేళను అరగంట జరుపుకోమని నేను పదేపదే చెప్పేది అందుకే. ఆ అరగంట మీకే కాదు, మీ వెనక నిలబడేవాళ్లకూ కలిసివస్తుంది. మా దగ్గర సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు రద్దీ తప్పదు. పిల్లలు బడికి, ఉద్యోగులు పనికి వెళ్లాక, ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకు కొట్టు ప్రశాంతంగా ఉంటుంది. నెలలో 1వ తేదీ నుంచి 5 వరకు జీతాలు, పింఛన్ల రోజులు. సార్వా, దాళ్వా ధాన్యం డబ్బు చేతికొచ్చే వారాల్లో అయితే వేళాపాళా ఉండదు. నెల సరుకులు 8వ తేదీ తర్వాత తీసుకోగలిగినవారు తీసుకోండి. ధరలో తేడా ఉండదు, నడుము నొప్పిలో ఉంటుంది.

అపోహ: ఆదివారం పొద్దున్నే వెళ్తే కొట్టు ఖాళీగా ఉంటుంది.

వాస్తవం: మన గోదావరి జిల్లాల్లో ఆదివారం పొద్దున అంటే చేపలు, కోడిమాంసం. అవి కొన్నవాళ్లందరూ అటునుంచి అటే అల్లం, వెల్లుల్లి, మసాలా దినుసుల కోసం మా దగ్గరికి వస్తారు. ఏడున్నర నుంచి పది దాకా మాకు ఊపిరి ఆడదు. మసాలా దినుసులు శనివారం మధ్యాహ్నమే తీసుకుంటే ఆ వరుస మీకు అక్కర్లేదు.

అపోహ: తక్కువమంది ఉన్న వరుసే త్వరగా కదులుతుంది.

వాస్తవం: మనుషులను లెక్కపెట్టడం సరిపోదు, వాళ్ల బుట్టలను మాత్రమే చూసినా సరిపోదు. ఒక వస్తువు స్కాన్ చేయడానికి 3 సెకన్లు, డబ్బు కట్టి సంచి సర్దుకోవడానికి మనిషికి 40 సెకన్లు పడుతుందనుకుందాం. ఐదేసి వస్తువులతో నలుగురుంటే 220 సెకన్లు. ఇరవై వస్తువులతో ఒక్కరే ఉంటే 100 సెకన్లు. నిండు బుట్ట చూసి పక్క వరుసకు జరిగేవారిని రోజూ చూస్తాను, చాలాసార్లు వాళ్లే ఆలస్యంగా బయటపడతారు. బుట్టలో ఏముందో కూడా చూడండి. తూకం చీటీ అంటించకుండా తెచ్చిన లూజు సరుకు ఒక్కటి ఉన్నా, కుర్రవాడు కాటా దగ్గరికి పరుగెత్తి తిరిగి వచ్చేదాకా వరుస మొత్తం ఆగిపోతుంది. మీ బెల్లం, మీ చింతపండు ముందే తూయించి చీటీ అంటించుకుని రండి.

రెండు కౌంటర్లకు రెండు వరుసలు కాకుండా ఒకే వరుస పెట్టి, ఏ కౌంటరు ఖాళీ అయితే అక్కడికి పంపే పద్ధతి న్యాయమైనది. ముందు వచ్చినవారికి ముందు పని అవుతుంది, ఒక బిల్లు దగ్గర చిక్కు వచ్చినా వెనక అందరూ ఇరుక్కుపోరు. మేము మూడేళ్ల క్రితం అలా మార్చాము. మొదట్లో ఆ పొడవు చూసి కొందరు వెనక్కి వెళ్లిపోయారు. ఇప్పుడు వాళ్లే పక్కవారికి ఆ పద్ధతి వివరిస్తున్నారు.

అపోహ: ఫోనుతో కడితే నగదు కంటే ఎప్పుడూ వేగం.

వాస్తవం: యూపీఐ 2016లో వచ్చింది. చిల్లర బాధ చాలా తీర్చింది, కాదనను. కానీ బిల్లు చెప్పాక ఫోను తీసి, తాళం తెరిచి, సిగ్నలు కోసం గుమ్మం దాకా వెళ్లేవారు, సరిపడా నోట్లు చేతిలో పట్టుకున్న మామ్మగారికంటే ఎక్కువ సమయం తీసుకుంటారు. కరెంటు పోయినప్పుడు మా దగ్గర సిగ్నలు కూడా బలహీనపడుతుంది. మీ ముందు ఒక్కరు మిగిలి ఉండగానే యాప్ తెరిచి ఉంచండి. సంచిలో వంద రూపాయల నోట్లు రెండు, కాస్త చిల్లర ఎప్పుడూ ఉంచుకోండి.

అపోహ: కావలసిన సరుకులు రాసి చీటీ పంపడం పాత పద్ధతి, మనం లేనప్పుడు తూకంలో మోసం జరుగుతుంది.

వాస్తవం: నా అనుభవంలో వరుసకు చీటీని మించిన మందు లేదు. మా తాతగారి రోజుల్లో రైతులు పొద్దున చీటీ ఇచ్చి పనికి వెళ్లి, సాయంత్రం వెచ్చాల మూట తీసుకెళ్లేవారు. ఎవరూ నిలబడేవారు కాదు, ఎందుకంటే తూకం పని కొట్టు ఖాళీగా ఉన్న వేళకు జరిగిపోయేది. ఇప్పుడు అదే చీటీ వాట్సాప్‌లో వస్తోంది, తేడా అంతే. తూకం గురించి అనుమానం తప్పు కాదు. సరుకు తీసుకునేటప్పుడు ఏ పొట్లమైనా మళ్లీ కాటా మీద పెట్టమని అడగండి. అది మీ హక్కు, అడిగితే నొచ్చుకునే కొట్టుకు వెళ్లకండి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఏటా వేయించాలి, అది కూడా చూడవచ్చు.

చీటీ రాయడంలో కొంత జాగ్రత్త కావాలి. "పప్పు 2 కిలోలు" అని రాస్తే మేము ఫోను చేయాలి, మీరు ఎత్తకపోతే ఆ సంచి అక్కడే ఆగుతుంది. "కందిపప్పు 1 కిలో, పొట్టు మినప్పప్పు 1 కిలో" అని రాయండి. పప్పులన్నీ ఒకచోట, నూనెలు ఒకచోట, సబ్బులు ఒకచోట ఉంటే కట్టే కుర్రవాడు కొట్టంతా మూడుసార్లు తిరగక్కర్లేదు. అడిగిన రకం లేకపోతే ఏది ఇవ్వాలో, ఎన్ని గంటలకు వస్తారో కూడా రాయండి. ముందురోజు రాత్రి పంపితే ఉదయం పదికల్లా సిద్ధంగా ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకు పంపి ఏడుకు వస్తానంటే, ఆ చీటీ కూడా వరుసలో నిలబడాల్సిందే.

అపోహ: సంక్రాంతికి ముందే అన్నీ కొనిపెట్టుకుంటే చాలు.

వాస్తవం: బెల్లం, నువ్వులు, నెయ్యి, నూనె ధనుర్మాసం మొదట్లోనే కొనవచ్చు. బెల్లానికి మన గాలిలో చెమ్మ తగలకుండా మూత బిగించాలి. అరిసెల పిండి మాత్రం దాచుకునేది కాదు, తడిగా ఉండగానే పాకంలో పడాలి. అందుకే భోగికి ముందు అసలు వరుస పిండి మర దగ్గర ఉంటుంది. నాలుగు ఇళ్లవాళ్లు మాట్లాడుకుని, ఇంటికో రోజు చొప్పున బియ్యం నానబెట్టుకుంటే మర దగ్గర నిలబడే పని బాగా తగ్గుతుంది. మా వీధిలో అలాగే చేస్తారు.

అపోహ: రేషన్ 1వ తేదీనే తెచ్చుకోకపోతే అయిపోతుంది.

వాస్తవం: 2025 జూన్ నుంచి మన రాష్ట్రంలో చౌకధరల దుకాణాల్లో 1 నుంచి 15వ తేదీ వరకు సరుకులు ఇస్తున్నారు. మీ కార్డు మీద రావలసింది మీదే. నాలుగైదు రోజులు ఆగి వెళ్లండి.

అపోహ: తుపాను హెచ్చరిక వస్తే వెంటనే వెళ్లి వరుసలో నిలబడాలి, వేరే దారి లేదు.

వాస్తవం: 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అంతకుముందు రోజు మా కొట్టు ముందు వరుస రోడ్డు దాకా వెళ్లింది. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పాలపొడి, బిస్కెట్లు, అందరికీ అవే కావాలి. మధ్యాహ్నానికి కరెంటు పోయి బిల్లింగ్ ఆగిపోయింది. నేను కాగితం మీద కూడుతూ, నగదే తీసుకుంటూ ఒక్కొక్కరిని పంపడానికి చాలాసేపు పట్టింది. వాన జల్లులో పసిపిల్లలతో నిలబడ్డవారిని చూస్తే గుండె తరుక్కుపోయింది. పక్కనే గోడ వారగా, ముందురోజే చీటీ పంపినవారి సంచులు పద్నాలుగు, పేర్లు రాసి వరుసగా పెట్టి ఉన్నాయి. వాళ్లు వచ్చారు, డబ్బు ఇచ్చారు, సంచి తీసుకుని వాన పెద్దది కాకముందే ఇంటికి వెళ్లిపోయారు.