ఒళ్ళు పులిసిపోతేనే వ్యాయామమా? నలభై దాటాక మొదలుపెట్టేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

జనవరి రెండో వారం వచ్చిందంటే హన్మకొండలో మా ఫిజియోథెరపిస్టులకు ఒక రకం పేషెంట్లు మొదలవుతారు. మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని అడ్డంగా దిగుతారు. కుర్చీలో కూర్చోవాలంటే చేతులు ఆనించి ధబ్బున పడతారు. జిమ్‌లో చేరి మూడు రోజులై ఉంటుంది, ఏడాది ఫీజు ముందే కట్టేసి ఉంటారు. "తొడలు పట్టేసినయ్ సార్, అంటే బాగ చేసినట్టే గదా?" అని అడగడంలో నొప్పితో పాటు కొంచెం గర్వం కూడా ఉంటుంది. నెల తిరక్కముందే వీళ్ళలో చాలామంది జిమ్ మానేస్తారు. "మన ఒంటికి ఎక్సర్‌సైజు పడది" అనే తీర్మానం మాత్రం ఏళ్ళ తరబడి మిగిలిపోతుంది.

అపోహ: ఒళ్ళు నొప్పులు రావాలి, చెమట కారాలి. లేకపోతే దండగ.

మనవాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

అలవాటు లేని పని చేసిన 24 నుంచి 72 గంటల మధ్య ముదిరే ఈ నొప్పిని డామ్స్ (ఆలస్యంగా వచ్చే కండరాల నొప్పి) అంటారు. కండరం బరువు మోస్తూ సాగాల్సి వచ్చే పనుల్లో ఇది ఎక్కువ. స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు, డంబెల్‌ను మెల్లగా దించేటప్పుడు జరిగేది అదే. భద్రకాళి బండ్ మీద గంట నడిచినా రాని నొప్పి, పద్మాక్షి గుట్ట ఎక్కి దిగితే రెండో రోజుకు తొడల్లో కనిపిస్తుంది. దాంట్లో ఎక్కువ వాటా ఎక్కినదానిది కాదు, దిగినదానిది. "లాక్టిక్ యాసిడ్ పేరుకుంది, నిమ్మరసం తాగండి" అని జిముల్లో ఇంకా చెప్తూనే ఉన్నారు. ఆ లాక్టేట్ వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలోనే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఎల్లుండి వచ్చే నొప్పికీ దానికీ సంబంధం లేదు. నిమ్మరసం దాహానికి తాగండి, బాగుంటుంది.

అదే పనిని వారం తర్వాత అంతే మోతాదులో చేస్తే నొప్పి బాగా తగ్గుతుంది. అంటే కండరం ఆ పనికి అలవాటు పడింది, లాభం ఆగిపోయిందని కాదు. నొప్పి చెప్పేది ఆ పని ఎంత కొత్తదో మాత్రమే. ఒక హెచ్చరిక: విపరీతమైన నొప్పి, వాపుతో పాటు మూత్రం కోలా రంగులో వస్తే అది డామ్స్ కాదు. కండరం చితికి కిడ్నీల మీద పడుతోంది. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక చెమట. మే నెలలో బస్టాండ్‌లో నిలబడ్డా చొక్కా తడిసిపోతుంది, అది వ్యాయామమా? నడుముకు స్వెట్ బెల్ట్ చుట్టుకుని తగ్గించుకున్న అర కిలో బరువు, నీళ్ళు తాగగానే తిరిగి వస్తుంది. శ్రమ సరిపోయిందా లేదా అని చూడ్డానికి గడియారం కూడా అక్కర్లేదు. పక్కన నడిచేవాళ్ళతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే దమ్ము చాలకూడదు. అది మధ్యస్థ శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సి వస్తే అది తీవ్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ. దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలం పెంచే పని. మొదటి వారమే అక్కడికి చేరమని ఎవరూ అనలేదు.

ఆరేళ్ళుగా కుర్చీ దిగని మనిషైతే ఇలా మొదలుపెట్టాలి. మొదటి వారం రోజు విడిచి రోజు 12 నిమిషాల నడక. రెండో వారం 15. మూడో వారం నుంచి నాలుగు రోజులు, 18 నుంచి 20 నిమిషాలు. "ఇంకో పది నిమిషాలు చేయగలను" అనిపించినప్పుడే ఆపేయాలి. జనం వినని మాట ఇదే. చివరి ఐదు నిమిషాలు ఎలా గడిచాయన్నదే మనసులో నిలబడుతుంది. రొప్పుతూ, తిట్టుకుంటూ ముగిస్తే మర్నాడు చెప్పులేసుకోవడానికి కాళ్ళు రావు. చివర్లో వేగం తగ్గించి, కబుర్లు చెప్పుకుంటూ ముగిస్తే ఎవరూ లేపకుండానే లేస్తారు. పరుగు మీద ఇష్టమున్నవాళ్ళు స్టేడియం ట్రాక్ మీదైనా, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనైనా నేరుగా ఉన్న వైపు మెల్లగా పరుగెత్తి, మలుపుల్లో నడవండి. ట్రాక్ లోపలి లేన్ ఒక చుట్టు 400 మీటర్లు, మొదటి నెలకు మూడు నాలుగు చుట్లు చాలు.

అపోహ: ఇష్టంగా చేసేది లెక్కలోకి రాదు.

బతుకమ్మ ఆడినంతసేపూ ఆడి, "నాకు ఎక్సర్‌సైజులు చేతకావమ్మా" అనే అక్కలను చూస్తే ఏం చెప్పాలో తెలియదు. పాట అందుకుంటూ, వంగి లేస్తూ, చప్పట్లు కొడుతూ ముప్పావు గంట ఆగకుండా తిరగడం నూటికి నూరుపాళ్ళు మధ్యస్థ శ్రమే. గుండెకు డీజే పాటకూ, ట్రెడ్‌మిల్‌కూ తేడా తెలియదు.

చిక్కంతా ఎక్కడంటే, పదకొండు నెలలు కదలకుండా ఉండి తొమ్మిది రోజులు వరసగా ఆడతారు. అదీ సీసీ రోడ్డు మీద చెప్పుల్లేకుండా. సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టయ్యేది అందుకే. అరికాలి పొర ఒక్కసారిగా అంత బరువుకు ఓర్చుకోలేదు. పండగకు నెల ముందు నుంచి వారానికి మూడు సాయంత్రాలు, వాడకట్టోళ్ళు నలుగురు కలిసి 20 నిమిషాలు ఆడితే పండగనాడు కాళ్ళు తయారుగా ఉంటాయి. మెత్తటి అట్ట ఉన్న చెప్పులతో ఆడండి. చప్పట్లకు వంగేటప్పుడు నడుము ఒక్కటే వంచకుండా మోకాళ్ళూ కొంచెం వంచండి, నడుం నొప్పి సగం అక్కడే పోతుంది. పండగ అయ్యాక అదే గుంపు కోలాటానికి మారితే ఏడాదంతా నడుస్తుంది. కర్రలు తగలకుండా లెక్క తప్పకుండా ఆడాలి కాబట్టి తూలకుండా నిలబడే శక్తి కూడా పెరుగుతుంది. 65 దాటినవాళ్ళకు వారానికి మూడు రోజులు కావాల్సింది సరిగ్గా అదే.

అపోహ: ఆటే కదా, దానికి తయారీ ఎందుకు?

ఇది మగవాళ్ళ అపోహ. డిగ్రీలో షటిల్ ఆడిన మనిషి, మధ్యలో పదిహేనేళ్ళు ఆఫీసు, ఇల్లు. ఒక ఆదివారం ఇండోర్ కోర్టు బుక్ చేసుకుని ఐదు గేములు ఆడేస్తాడు. నెట్ దగ్గర పడే డ్రాప్ కోసం ఒక్క ఉదుటున ముందుకు దూకుతాడు, పిక్క కింద టప్‌మంటుంది. ఎవరో వెనక నుంచి తన్నినట్టనిపించి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు తెగింది. ముప్పై, యాభై మధ్య అప్పుడప్పుడూ ఆడే మగవాళ్ళలో ఇది ఎక్కువ. నొప్పి కాసేపటికి తగ్గుతుంది కాబట్టి బెణికిందనుకుని మాలిష్ చేయిస్తూ వారాలు గడిపేస్తారు. అలా ఆలస్యమైనకొద్దీ వైద్యం కష్టమవుతుంది. ఆ కాలి మీద ఒంటిగా మునివేళ్ళపై లేవలేకపోతే ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

రాకుండా చూసుకోవడం సులువు. కోర్టు బుక్ చేయడానికి మూడు నాలుగు వారాల ముందు నుంచి గోడ పట్టుకుని నిలబడి, మూడు సెకన్లలో మడమలు లేపి, మూడు సెకన్లలో దించండి. పన్నెండు చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. రెండు వారాలయ్యాక ఒంటికాలి మీద. ఒక్కో కాలితో 20 సార్లు తూలకుండా రాగలిగితే ఫుల్ కోర్టు ఆడొచ్చు. అప్పటిదాకా సగం కోర్టులో ర్యాలీలు, తర్వాత డబుల్స్. సింగిల్స్‌కు తొందర లేదు. ఆటకు ముందు పది నిమిషాలు మెల్లగా పరుగు, పక్కకు అడుగులు, నెట్ దాకా వెళ్ళి వెనక్కి రావడం, చేయి తిప్పుతూ కాక్ లేకుండా కొట్టడం. నిలబడి కాళ్ళు సాగదీయడం ఒక్కటే వార్మప్ కాదు. వారానికి రెండు సార్లు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం.

బూట్ల మాట కూడా. రన్నింగ్ షూస్ మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. నేరుగా పరుగెత్తడానికి అది మంచిదే, పక్కకు దూకితే మాత్రం చీలమండ మడత పడుతుంది. కోర్టుకు గమ్ సోల్ (పట్టు ఉండే రబ్బరు అడుగు) ఉన్న, నేల మీద మరకలు పడని నాన్ మార్కింగ్ షూసే వేసుకోవాలి. ఖరీదైన రాకెట్ తర్వాతైనా కొనొచ్చు.

అపోహ: వ్యాయామం చేస్తే గుండె ఆగిపోతుంది.

జిమ్‌లో కుప్పకూలిన మనిషి సీసీ కెమెరా వీడియో వాట్సాప్‌లో తిరిగిన ప్రతిసారీ నడక మానేసేవాళ్ళు పదిమంది తేలతారు. అది పంపినవాళ్ళకు ఆ మనిషికి ముందే ఏ జబ్బు ఉందో తెలియదు, కింద రాసిన "డాక్టర్ల హెచ్చరిక" ఏ డాక్టరిదో తెలియదు. భయపడేవాళ్ళను మాత్రం తప్పుపట్టలేం. ఇంట్లో ఒకరిని గుండెపోటుకు పోగొట్టుకున్నవాళ్ళకు ఆ వీడియో మామూలు వీడియో కాదు.

తీవ్రమైన శ్రమ చేస్తున్న కాసేపట్లో గుండెకు ముప్పు కొంత పెరిగే మాట నిజం. అది అందరికన్నా ఎక్కువ పెరిగేది అలవాటు లేకుండా ఒక్కసారిగా విరుచుకుపడేవాళ్ళలో. క్రమంగా అలవాటు చేసుకున్నవాళ్ళలో ఆ ముప్పు బాగా తగ్గుతుంది, మొత్తం మీద గుండెజబ్బు అవకాశమూ తగ్గుతుంది. నడుస్తుంటే ఛాతీలో బరువుగా పట్టేసి, ఆగితే తగ్గడం, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం, కళ్ళు తిరిగి పడిపోవడం, ఇంతకుముందు లేని ఆయాసం: వీటిలో ఏది ఉన్నా ముందు గుండె డాక్టరు. బీపీ అదుపులో లేనివాళ్ళు, షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్ళు తీవ్రమైన వ్యాయామానికి ముందు డాక్టర్ని అడగాలి. మిగతావాళ్ళు మెల్లటి నడకకు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

అపోహ: మోకాళ్ళలో గుజ్జు అరిగింది, ఇక కదలకూడదు.

ఎక్స్‌రే చూసి ఎవరో అన్న ఒక్క మాటతో నడక మానేసిన అమ్మలు ఎందరో. గుజ్జు అని మనం పిలిచే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కాలు కదిలి, బరువు పడి లేస్తుంటేనే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. మంచానికి అంటుకుపోతే తొడ కండరాలు కరిగి, మోకాలి మీద ఇంకా భారం పడుతుంది. గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, ఎనిమిది సార్లు, రెండు విడతలు, రోజు విడిచి రోజు. చేతకాకపోతే కింద దిండు వేసి ఎత్తు పెంచండి. చేసేటప్పుడు పదికి మూడు నాలుగు నొప్పి ఉన్నా, మర్నాటికి తగ్గితే ఫరవాలేదు. కీలు వాస్తే మాత్రం మోతాదు తగ్గించాలి.

సైకిల్ వీళ్ళకు మంచి తోడు. కానీ సీటు కిందికి దించి, రెండు పాదాలూ నేలకు ఆనేలా తొక్కుతారు, తర్వాత మోకాలి చిప్ప దగ్గర నొప్పంటారు. సీటు మీద కూర్చుని పెడల్‌ను అట్టడుగుకు దించి, మడమ దాని మీద పెట్టండి. అప్పుడు కాలు నిటారుగా ఉండాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగుతుంది, ఎత్తు సరిపోయినట్టే.

మిగతావి గబగబా. పొద్దున నాలుగున్నరకే లేవాలా? అక్కర్లేదు, ఎండాకాలంలో మాత్రం ఏడులోపు, లేదా పొద్దుగూకినాక. పది నిమిషాలు చేస్తే లాభం లేదా? కనీసం పది నిమిషాలు ఉండాలన్న నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తీసేసింది, ఐదేసి నిమిషాలూ కూడతాయి. పది వేల అడుగుల అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల లెక్క మీటరుతో వచ్చింది, ఏ ఆసుపత్రి పరిశోధనా కాదు. పొట్ట వ్యాయామాలతో పొట్ట కొవ్వు ఒక్కటే కరగదు. ఆడవాళ్ళు డంబెల్ ఎత్తితే మగవాళ్ళలా కండలు రావు, దానికి కావాల్సిన హార్మోను వాళ్ళ ఒంట్లో చాలా తక్కువ.

షుగర్ ఉన్నవాళ్ళు పరగడుపున నడక మంచిదనుకుంటారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు అలా వెళ్తే షుగర్ పడిపోవచ్చు. 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని బయల్దేరండి, జేబులో పంచదార పొట్లం ఉంచుకోండి. వణుకు, చెమట పట్టి 70 కిందికి వస్తే మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకుని కూర్చోవాలి, నడక అక్కడితో ఆపాలి. పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్ళు గుట్ట బండల మీద ఉత్తి కాళ్ళతో నడవొద్దు. కాలిన సంగతి సాయంత్రం సాక్స్‌కు అంటుకున్న తడి చూస్తే గానీ తెలియదు.

పెళ్ళిళ్ళో, జాతరో, జ్వరమో వచ్చి రెండు వారాలు గ్యాప్ వచ్చిందా? ఆపిన మోతాదులో సగం నుంచి మొదలుపెట్టి రెండు వారాల్లో పాత లెక్కకు రండి. జ్వరం తగ్గిన మర్నాడే గ్రౌండ్‌కు పోవద్దు, మామూలుగా తిండి సహించి, ఇంట్లో మెట్లెక్కితే ఆయాసం రాని రోజు దాకా ఆగండి.