రాజీ అయినా కేసు ఎందుకు ఆగదు?

కర్నూలులో హైకోర్టు బెంచి (హైకోర్టు శాఖ) పెట్టాలన్న మాట మళ్లీ పైకొచ్చింది. శ్రీబాగ్ ఒడంబడిక (రాజధానో హైకోర్టో సీమకు ఇస్తామని 1937లో కోస్తా, సీమ నాయకులు రాసుకున్న మాట), కర్నూలుకు చేజారిన రాజధాని అందరూ చెప్పుకునే కథే. ఊళ్లలో జనానికి హైకోర్టుతో పని ఎందుకు పడిందో తెలియాలంటే 2012కు రావాలి.

ఆ ఏడాది సెప్టెంబరు 24న జ్ఞాన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. చట్టం రాజీకి ఒప్పని నేరమైనా, గొడవ ఆ రెండు వర్గాలదే అయితే హైకోర్టు కేసు కొట్టేయొచ్చు. హత్య, అత్యాచారం లాంటివాటికి ఇది వర్తించదు. 2014లో నరీందర్ సింగ్ తీర్పు, హత్యాయత్నం కేసుల్లోనూ దెబ్బ ఎక్కడ తగిలింది, ఏ ఆయుధంతో కొట్టారు అన్నది చూడమంది. అంతకుముందు ఊళ్లో రాజీ కుదిరితే సాక్షి బోనెక్కి 'నేను చూడలేదు సార్' అనేవాడు. కేసు అట్లా పోయేది.

మామూలు దెబ్బలకు (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్, సెక్షన్ 115(2)) బాధితుడు ఒప్పుకుంటే చాలు, కింది కోర్టులోనే తెగిపోతుంది. ఎముక విరిగితే (117(2)) జడ్జి అనుమతి కావాలి. సీమ కొట్లాటలు అంతటితో ఆగవు గదా. కొడవలి తగిలితే సెక్షన్ 118, గుంపుగా పోయి కొట్టుకుంటే 191. ఈ రెండింటిలో ఏది పడినా మేజిస్ట్రేటు చేతిలో లేదు. పైగా అవతలి వర్గం ఎదురు పెట్టిన కౌంటర్ కేసు ఒకటి ఉండనే ఉంటుంది. రెండూ ఒకేసారి తెగకపోతే మిగిలిన కేసే కొత్త గొడవకు మొదలు. దెబ్బ తిన్నవాళ్లలో ఒక్కడు బెంగళూరుకు పనికి పోయి సంతకానికి రాకపోయినా అంతే.

ఊరి రాజీలో కొట్టినవాడు నోరు విప్పడు. అతని తరఫు పెద్దమనిషి లేచి 'తప్పయిపాయ, ఇంగ ఇడ్సిపెట్టండి' అంటాడు. ఆసుపత్రి ఖర్చు లెక్క తేలుతుంది. అదే ఒప్పందం కోర్టు కాగితమయ్యేసరికి 'తప్పు' అన్న మాట మాయమవుతుంది. ఒప్పుకోలు రేపు సాక్ష్యంగా ఎదురు తిరుగుతుందని వకీళ్లే కొట్టేయిస్తారు. జపాన్‌లో దారి వేరు. అక్కడ 'జిదాన్' అనే ఒప్పందంలో నిందితుడు డబ్బుతో పాటు క్షమాపణ ఉత్తరం కూడా ఇస్తాడు, కేసు పెట్టాలా వద్దా అని తేల్చేటప్పుడు ప్రాసిక్యూటర్ అది కూడా చూస్తాడు. అమెరికాలో మసాచుసెట్స్ 1986లోనే, ప్రమాదం తర్వాత చెప్పిన సానుభూతి మాటను సివిల్ దావాలో సాక్ష్యంగా వాడకూడదని చట్టం చేసింది. మనకు అట్లాంటి చట్టం లేదు.

118, 191 పడిన కేసు కింది కోర్టులో తెగదు కాబట్టి రెండు వర్గాలూ రాజీ అఫిడవిట్లు, ఆధార్ నకళ్లు పట్టుకుని అమరావతిలోని నేలపాడు దారి పట్టాలి. 2019 నుంచి హైకోర్టు అక్కడే, కర్నూలు నుంచి 300 కిలోమీటర్ల పైమాటే. బెంచి వద్దనేవాళ్లు ఆన్‌లైన్ విచారణ చాలంటారు. 'ఎవరైనా బెదిరించి ఒప్పించారా?' అని జడ్జి అడిగేటప్పుడు కెమెరా పక్కన ఎవరు నిలబడ్డారో ఆయనకెట్లా తెలుస్తుంది?

2024 నవంబరులో అసెంబ్లీ కర్నూలు బెంచికి తీర్మానం చేసింది. దానికి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సమ్మతి, కేంద్రం ఆమోదం కావాలి.