ఉగాండా రైల్వే: అపోహలు - వాస్తవాలు

ఉగాండా రైల్వే అంటే ఇప్పటి కెన్యాలోని మొంబాసా రేవు నుంచి లోపలికి, బ్రిటిష్ వారు భారతీయ కూలీలతో వేయించిన లైన్.

అపోహ: కూలీలను ఎక్కువగా చంపింది సావో సింహాలు.

1898లో సావో నది మీద వంతెన పని దగ్గర సింహాలు మనుషుల్ని ఎత్తుకుపోయిన మాట నిజమే. రైల్వే లెక్కలో అలా పోయిన భారతీయ కూలీలు 28 మంది. చనిపోయిన ఆఫ్రికన్లను ఎవరూ సరిగా లెక్కపెట్టలేదు. ఇక లైన్ మొత్తం మీద చనిపోయిన భారతీయులు 2,493 మంది. అందులో ఎక్కువ భాగం మలేరియా, రక్తవిరేచనాలు, కుళ్లిన పుండ్ల వల్లే. ఈ పుండ్లకు ఒక కారణం జిగ్గర్ అనే ఇసుక పురుగు. కాలిగోటి కింద దూరి గుడ్లతో ఉబ్బుతుంది. శుభ్రమైన సూదితో చిట్లకుండా మొత్తంగా తీయాలి. లోపల చిట్లితే పుండు పడుతుంది. చెప్పుల్లేని మనిషికి పని చేసే చోట అంత శుభ్రం ఎక్కడిది? సింహం కథ అందరికీ గుర్తుంది, ఈ మనుషులు గుర్తులేరు. అది అన్యాయం.

అపోహ: పట్టాలు పరచడమే కష్టమైన పని.

పరచడం లెక్క ప్రకారం సాగే పని. గజానికి 50 పౌన్ల పట్టా, 30 అడుగుల ముక్క. అంటే ఒక్కోటి దాదాపు 227 కిలోలు. జత పట్టాల కింద సుమారు 12 స్లీపర్లు (అడ్డంగా వేసే దిమ్మెలు), ఒక్కో స్లీపర్‌కు పట్టాలను బిగించే 4 ఉక్కు చీలలు. చెక్క స్లీపర్లయితే చెదలు తినేస్తాయి కాబట్టి ఉక్కువి వాడారు. పని ఆగిపోయేది సరఫరా దగ్గర. దారిలో ఉన్న తారు అనే ఎడారిలో నీళ్లు లేవు, రైల్లోనే తేవాలి. ఎడ్లు, గాడిదలు సెట్సీ ఈగ కాటుకు చచ్చిపోయేవి. అందుకే పక్కా వంతెన కోసం ఆగకుండా తాత్కాలికంగా దాటేసి ముందుకు పోయేవారు, పక్కా పని వెనకాల జరిగేది. అలాగే 1896 మేలో మొంబాసాలో మొదలైన లైన్ 1899 మే చివరికి నైరోబీ చేరింది.

నైరోబీ దాటాక వచ్చే లోతైన రిఫ్ట్ లోయ అంచున మరీ నిటారుగా ఉన్నచోట ఏటవాలు కట్టి, వ్యాగన్లను తాళ్లతో దించారు. ఏటవాలు మీద వ్యాగన్ ఒరగకుండా, పైభాగం సమతలంగా ఉండే బండి మీద ఎక్కించేవారు. దిగే బరువే ఖాళీ వాటిని పైకి లాగేది. పక్కా లైన్ తయారయ్యే లోపే లోయలో పట్టాలు సాగడానికి ఈ ఏర్పాటు.

అపోహ: మీటర్ గేజ్ చవక కోసమే.

అసలు కారణం భారత్. అక్కడి ఇంజన్లు, వ్యాగన్లు, అలవాటైన మనుషులు అలాగే పనికొస్తారని.

అపోహ: కెన్యా భారతీయులంతా ఆ కూలీల సంతతే.

వచ్చినవారు సుమారు 32,000 మంది. అక్కడే ఉండిపోయింది 6,700 పైచిలుకే. తర్వాత వచ్చిన గుజరాతీ వర్తక కుటుంబాలే ఎక్కువ.

అపోహ: అక్కడికి తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో వెళ్లారు.

ఉగాండా రైల్వే కూలీలు ఎక్కువగా పంజాబ్ వారు, కరాచీలో ఓడ ఎక్కారు. తెలుగువాళ్లు దండిగా వెళ్లింది దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ అక్కడికి చేరింది. తర్వాతి కాలంలో నేటాల్ ప్రభుత్వ రైల్వే కూడా ఇలాంటి ఒప్పంద కూలీలను పెట్టుకుంది. మీ పూర్వీకుల కోసం వెతికేవారు నేటాల్ ఓడ జాబితాలు చూడండి. వాటిలో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు రాసి ఉంటాయి. తెలుగు పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు విన్నట్టు రాశారు కాబట్టి, పేరు కంటే ముందు ఊరు, తండ్రి పేరు పట్టుకుని వెతకండి.