ఆరూ ఆరూ పన్నెండు కాని చోట

చిత్తూరు నుంచి ఒకక్క అడిగింది: "పొరల కేకుకు 8 అంగుళాల గుండ్రటి గిన్నెలు రెండు కావాలన్నారు. నా దగ్గర 6 అంగుళాలది ఒకటే ఉంది. పిండిని రెండు సగాలు చేసి, ఒకటయ్యాక ఒకటి అందులోనే పెట్టినా. పైన మాడింది, లోపల జావ. మా అత్త దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది."

మిరపకాయలు దండగ. 8కీ 6కీ తేడా రెండే కదా అనిపిస్తుంది. కానీ 8 అంగుళాల గిన్నె అడుగు వైశాల్యం సుమారు 50 చదరపు అంగుళాలు, 6 అంగుళాలదానికి 28. పై ఆర్ స్క్వేర్ బళ్ళో అందరం బట్టీ పట్టాం. పెనం మీద దోసె పోసి చూపించిన అయ్యవారు మాత్రం నాకొక్కరూ తగల్లేదు. 12 అంగుళాల దోసె తింటే 6 అంగుళాలవి నాలుగు తిన్నట్టు, రెండు కాదు!

ఇరుకు గిన్నెలో పోసిన పిండి ఎటు పోతుంది? పైకే. అంగుళం మందం ఉండాల్సిన పొర అంగుళంముప్పావు అయింది. అసలు తంటా ఇక్కడే.

తిరుపతిలో ఏ టిఫిన్ బండి దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. పిండి అదే. పలచగా తిప్పిన దోసె తిరగెయ్యకుండానే కాలుతుంది. ఊతప్పమైతే తిరగెయ్యాలి, లేదా మూత పెట్టాలి. గుంత పొంగనాలకు సన్న సెగ, మూత, మళ్ళీ తిప్పడం. గోదావరి వైపు వాళ్ళ దిబ్బరొట్టెకైతే మూత పెట్టి ఇరవై, ముప్పై నిమిషాలు ఓపిక పట్టాలి. తొందరపడి మంట పెంచితే దిబ్బరొట్టెకు పట్టే గతే అక్క కేకుకూ పట్టింది.

వేడి అనేది పిండిలోకి నడిచి వెళ్ళదు, పాకుతుంది. ఆ పాకుడుకు లెక్క కట్టిన వాడు ఫ్రాన్సు గణితజ్ఞుడు ఫూరియే, 1822లో. దూరం రెట్టింపైతే సమయం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. నీటిలో ఉష్ణ విసరణ గుణకం, అంటే వేడి ఎంత చురుగ్గా పాకుతుందో చెప్పే అంకె, సెకనుకు సుమారు 0.14 చదరపు మిల్లీమీటర్లు. పిండినీ అలాంటిదే అనుకుందాం. 10 మిల్లీమీటర్ల లోతుకు పదిపదుల 100ని 0.14తో భాగిస్తే 714 సెకన్లు, అంటే 12 నిమిషాలు. 20 మిల్లీమీటర్లకు 48 నిమిషాలు. అంగుళంముప్పావుకు లెక్క ప్రకారం మూడు రెట్ల పైన పడుతుంది. నిజంగా అంత పట్టదు. పక్క గోడల నుంచీ వేడి వస్తుంది, పిండి పొంగుతుంది, లోపల ఆవిరీ కదులుతుంది. అయినా మధ్య భాగం ఉడికేలోపు అంచులు ఎండిపోతాయి.

అంచులు ముందు గట్టిపడి మధ్యభాగం ఇంకా పొంగుతూ ఉంటే గుబ్బ లేస్తుంది. పొరలు పేర్చాలంటే అది పెద్ద టెన్షన్. గిన్నె చుట్టూ తడిగుడ్డ పట్టీ చుట్టండి. గుడ్డ తడి ఆరేదాకా దాని వేడి 100 డిగ్రీలు దాటదు, అంచు తొందరపడదు. నాకు అన్నిటికంటే నచ్చిన ఉపాయం ఇది.

స్టీలు డబ్బాలో పెట్టేవాళ్ళకు ఒక మాట: అల్యూమినియం దానికంటే పది రెట్లకు పైగా వేగంగా వేడిని పాకిస్తుంది. గాజు ఇంకా మందకొడి.

లెక్కలంటే పడనివాళ్ళు గిన్నెలో అంగుళం ఎత్తు నీళ్ళు పోసి, లోటాతో కొలుచుకోండి, ఒక్కో గిన్నెలో ఎంత పడుతుందో తెలుస్తుంది. అడుగు ఊడొచ్చే గిన్నెలో మాత్రం వద్దు, కారుతుంది.

ఇక అక్క సంగతి. రెండు 8 అంగుళాల గిన్నెలంటే 100 చదరపు అంగుళాలు. 28తో భాగిస్తే మూడున్నర. నాలుగు పొరలుగా పొయ్యండి, ఒక్కోటి అంగుళం కంటే కాస్త పలచగా వస్తుంది. గిన్నె ఒకటే కాబట్టి మిగతా పిండి ఫ్రిజ్‌లో ఉండాలి. వంటసోడా ఒక్కటే వేసిన పిండైతే ఆగదు, బుడగలు పోతాయి. దాన్ని ఒక్కో వాయికీ విడిగా కలుపుకోవాల్సిందే. 30 నిమిషాలు అని రాసిన చోట 22కే పుల్ల గుచ్చి చూడండి.